గుమ్మం ముందు మెట్లు: అతుకు వేయాలా, కొత్తవి కట్టాలా?

ఇంటికి రంగులు వేయించేటప్పుడు, కిటికీలు మార్చేటప్పుడు చూపే శ్రద్ధ గుమ్మం ముందున్న నాలుగు మెట్ల మీద సాధారణంగా ఎవరూ చూపరు. అంచు విరిగితే సిమెంటు మెత్తుతాం. మళ్ళీ విరిగితే మళ్ళీ మెత్తుతాం. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో ఈ మెత్తుడు రెండు వానాకాలాలు నిలిస్తే గొప్ప. ఎందుకు నిలవదో, ఎప్పుడు అతుకు సరిపోతుందో, ఎప్పుడు పాతవి తీసేసి కొత్తవి కట్టాలో తెలుసుకుంటే డబ్బు, శ్రమ రెండూ మిగులుతాయి. మన సిబ్బంది కుటుంబాలు విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నెల్లూరు మొదలుకొని ముంబయి, సూరత్ దాకా తీరం పొడవునా ఉన్నాయి కనుక ఈ సంగతి చాలామందికి పనికొస్తుందని రాస్తున్నాను.

మేముండేది సూరత్‌లోని నవాగామ్‌లో. గుజరాతీలో ఆ పేరుకు 'కొత్తూరు' అని అర్థం. దిండోలిని ఆనుకుని ఉంటుంది. మగ్గాల పని కోసం తెలంగాణ నుంచి వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్, ఉధ్నా, దిండోలి చుట్టుపక్కల వేలల్లో ఉన్నాయి. నగరపాలక సంస్థ ఇక్కడ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. డుమస్ సముద్రతీరం మాకు నైరుతి వైపు సుమారు 20 కిలోమీటర్ల దూరం. అలల చప్పుడు వినపడదు గానీ వానాకాలమంతా గాలి వచ్చేది ఆ దిక్కునుంచే.

ఇల్లు మేం కొన్నప్పటికే దానికి నాలుగు కాంక్రీటు మెట్లు ఉన్నాయి. మూడో మెట్టు అంచు ఊడి లోపలి కడ్డీ బయటపడింది. దాని కంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. మా అమ్మ డెబ్బై దాటిన మనిషి. "ఎక్కుడు కన్న దిగుడే భయమైతాంది బిడ్డా" అని ఆమె కూరగాయల బండి దగ్గరికి వెళ్లడం మానేసింది. ఆమె మోకాళ్ల నొప్పి వల్ల అనుకోవచ్చు. టేపు పెట్టి కొలిస్తే కారణం మెట్లలోనే కనిపించింది. ఆ కొలతల సంగతి తర్వాత చెబుతాను. ముందు కాంక్రీటు ఎందుకు చెడుతుందో చూద్దాం.

లోపల ఏం జరుగుతుంది?

మంచి కాంక్రీటు గట్టి క్షారం. దాని పీహెచ్ విలువ 12 కంటే ఎక్కువే ఉంటుంది. అంతటి క్షారంలో ఇనుప కడ్డీ మీద కంటికి కనపడని సన్నని రక్షణ పొర ఏర్పడుతుంది. ఆ పొర ఉన్నంతకాలం కడ్డీకి తుప్పు పట్టదు. దాన్ని చెడగొట్టేవి రెండు. ఒకటి, గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఏళ్ల తరబడి కాంక్రీటులోకి చొచ్చుకుపోయి క్షారాన్ని తగ్గించడం. రెండోది ఉప్పులోని క్లోరైడు. తీరప్రాంతాల్లో ఈ రెండోదే ముఖ్య శత్రువు. కాంక్రీటులో క్షారం తగినంత ఉన్నా సరే, క్లోరైడు కడ్డీ దాకా చేరితే రక్షణ పొరకు అక్కడక్కడా చిల్లులు పడతాయి.

ఆ పైన కావలసింది నీరు, గాలి. తుప్పు తాను పుట్టిన ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. గట్టిపడిన కాంక్రీటు లోపల అంత చోటు ఎక్కడుంది? అందుకని కడ్డీ పొడవునా పగులు వస్తుంది, పగులు లోంచి గోధుమరంగు మరక కారుతుంది, చివరికి పై పొర పెచ్చులుగా ఊడుతుంది. మనకు ఊడిన రోజే కనిపిస్తుంది. అప్పటికి లోపల ఏళ్లుగా పని జరుగుతూనే ఉంది.

ఇంట్లో గోడల కంటే బయటి మెట్లు ముందు చెడటానికి కారణం కూడా ఇదే. మెట్టు వానకు తడుస్తుంది, ఎండకు ఆరుతుంది, మళ్ళీ తడుస్తుంది. తడిసినప్పుడు ఉప్పు లోపలికి వెళుతుంది, ఆరినప్పుడు నీరు మాత్రమే పోయి ఉప్పు అక్కడే మిగిలిపోతుంది.

ఉప్పు ఎక్కడినుంచి వస్తుంది?

సముద్రపు గాలి నుంచి వచ్చేది ఒక పాలు మాత్రమే. మిగతా దారులు మన చేతిలో ఉన్నవే.

మొదటిది, కాంక్రీటు కలిపిన నీళ్లు. తీరప్రాంత పట్టణాల్లో బోరునీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. మన దేశంలో కాంక్రీటు పనికి ప్రమాణమైన ఐ.ఎస్. 456 (2000) ప్రకారం ఇనుప కడ్డీలు ఉన్న కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. కడ్డీ లేని కాంక్రీటుకైతే 2000 దాకా ఫరవాలేదు. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి, దీనితో మళ్ళీ పని పడుతుంది.

రెండోది, కడగని సముద్రపు ఇసుక. చవకగా దొరికినా వద్దు.

మూడోది, మన శుభ్రత. మెట్ల మీద మరకలు పోవాలని సీసాలో అమ్మే యాసిడ్ పోస్తాం. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. సిమెంటును కరిగిస్తుంది, పోతూ పోతూ క్లోరైడును లోపల వదిలిపోతుంది. దిష్టి పోవాలని కళ్ళుప్పు కలిపిన నీళ్లతో ఇల్లు తుడిచి, మిగిలిన బకెట్టు మెట్ల మీద పారబోసే అలవాటు మన ఇళ్లలో ఉంది. మా ఇంట్లోనూ ఉంది. నమ్మకం జోలికి నేను పోను. ఆ నీళ్లు మాత్రం మెట్ల మీద కాకుండా మోరీలో పోయమంటాను.

అతుకు ఎందుకు నిలవదు?

పెచ్చు ఊడిన చోట పాత కాంక్రీటు కొద్దిగా చెక్కి, కడ్డీ మీద సిమెంటు పాలు పూసి, పైన కొత్త సిమెంటు మెత్తడం మామూలుగా జరిగే పని. కడ్డీ వెనకవైపు తుప్పు అలాగే ఉండిపోతుంది కనుక మెత్తింది ఊడుతుంది. ఇది అందరికీ తెలిసిన కారణం.

తెలియని కారణం ఇంకొకటి ఉంది. అదే కడ్డీలో కొంత భాగం ఇప్పుడు కొత్త, శుభ్రమైన సిమెంటులో ఉంది. పక్క భాగం ఉప్పు పట్టిన పాత కాంక్రీటులో ఉంది. ఒకే ఇనుము రెండు వేరువేరు పరిసరాల్లో ఉంటే చిన్న బ్యాటరీలా పనిచేస్తుంది. పాత కాంక్రీటులో ఉన్న భాగం ముందుకంటే వేగంగా తుప్పు పడుతుంది. అందుకే అతుకు వేసిన చోటు బాగానే ఉండి దాని పక్కన జానెడు దూరంలో కొత్త పగులు వస్తుంది. మేస్త్రీ పని సరిగ్గా చేయలేదని మనం అతన్ని నిందిస్తాం. నిజానికి మెట్టంతటా ఉప్పు ఉన్నప్పుడు ఎంత మంచి పనివాడు వేసిన అతుకైనా పక్కచోటును కాపాడలేదు.

నేల సంగతి కూడా చూడాలి

సూరత్‌లో చాలాచోట్ల ఉన్నట్టే మా ఇంటి కింద ఉన్నది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, వేసవికి కుంచించుకుని నెర్రెలు విచ్చుతుంది. కృష్ణా, గుంటూరు, కర్నూలు వైపు వాళ్లకు ఈ నేల గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఇంటి పునాది లోతుగా ఉంటుంది కనుక ఇల్లు పెద్దగా కదలదు. మెట్లకు చాలామంది పునాదే తీయరు. నేల మీద మట్టి పోసి, పైన కాంక్రీటు పోస్తారు. దాంతో ఇల్లు నిలబడి ఉంటుంది, మెట్లు ఏటా లేచి దిగుతుంటాయి. మెట్లకూ ఇంటి పునాది గోడకూ మధ్య వేలు పట్టేంత సందు కనబడితే కారణం ఇదే. డాబా మీది వాన గొట్టం నీళ్లు మెట్ల పక్కనే పడుతుంటే ఈ కదలిక ఇంకా ఎక్కువవుతుంది.

ఎలా తేల్చుకోవాలి?

ఇంజనీరును పిలవడానికి ముందు ఇంట్లోనే చేసుకోగల పరీక్షలు నాలుగున్నాయి.

1. చిన్న సుత్తితో మెట్టు మీద, నిలువు ముఖం మీద అంగుళం అంగుళం తట్టండి. గట్టి చోట 'టంగ్'మని మోగుతుంది. లోపల పొర విడిపోయిన చోట డొల్ల శబ్దం వస్తుంది. డొల్ల చోట్లను సుద్దముక్కతో చుట్టండి.

2. పగుళ్ల దిక్కు చూడండి. మెట్టు పొడవునా తిన్నగా, తుప్పు మరకతో పోయే పగులు కడ్డీ మీది పగులు. వలలాగా అల్లుకున్న సన్నని పైపై పగుళ్లు తొలిరోజుల్లో సరిగా తడపకపోవడం వల్ల వచ్చినవి. వాటితో ప్రమాదం తక్కువ.

3. ఇంటి గోడకూ మెట్లకూ మధ్య సందును చలికాలంలో ఒకసారి, వేసవి చివర ఒకసారి కొలవండి. మారుతుంటే నేల కదులుతోందన్నమాట.

4. ప్రతి మెట్టు ఎత్తూ విడివిడిగా కొలిచి కాగితం మీద రాయండి.

సుద్ద గీతలు ఒక మూలకే పరిమితమై, కడ్డీ కనపడక, ఎత్తులు సమంగా ఉంటే అతుకు చాలు. అప్పుడు కూడా చెడిన భాగాన్ని గట్టి కాంక్రీటు తగిలేదాకా చెక్కాలి. కడ్డీ బయటపడితే దాని వెనక వేలు దూరేంత లోతుకు చెక్కి, తుప్పంతా వైరు బ్రష్‌తో గీకి, ఆ తర్వాతే నింపాలి. డొల్ల చోట్లు మెట్టు మెట్టుకూ ఉంటే, సందు మారుతుంటే, ఎత్తులు సమంగా లేకపోతే అతుకు మీద పెట్టే ప్రతి రూపాయీ వృథా. మా మెట్లు మూడు పరీక్షల్లోనూ తప్పాయి. నాలుగోదాని ఫలితం ఇదీ: కింది మెట్టు 3 అంగుళాలు, మిగతా మూడూ 7 అంగుళాల చొప్పున.

కింది మెట్టు 3 అంగుళాలే ఎందుకైందంటే, రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే కొత్త పొర వేశారు. మెట్టు రోడ్డులో కూరుకుపోయింది. మెట్లెక్కే మనిషి ప్రతి మెట్టునూ చూసి అడుగు వేయడు. మొదటి రెండు అడుగులు వేయగానే కాలు ఆ ఎత్తును గుర్తుపెట్టుకుని మిగతావి దానంతటదే వేస్తుంది. దిగేటప్పుడు 7, 7, 7 అని అలవాటుపడిన కాలు చివర 3 దగ్గర నేలను అనుకున్న దానికంటే ముందే తాకుతుంది. కుర్రవాళ్లు ఆ కుదుపుకు తట్టుకుంటారు. మోకాళ్లు అరిగిన మనిషి ముందుకు తూలుతుంది. మెట్ల మీద పడేవాళ్లు ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడే ఎక్కువ పడతారు. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే ఇల్లంతా మంచాన పడ్డట్టే. అమ్మ భయానికి కారణం ఆ 4 అంగుళాల తేడా.

కొలత ముందు, సిమెంటు తర్వాత

రోడ్డు మట్టం నుంచి ఇంటి గచ్చు దాకా మా ఎత్తు 24 అంగుళాలు, అంటే 600 మిల్లీమీటర్లు. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నుంచి వదిలిన నీళ్లతో తాపీ పొంగి నగరంలో చాలా భాగం మునిగిన సంగతి ఇక్కడ అందరికీ గుర్తే. వరద చూసిన ఊళ్లో గుమ్మం ఎత్తు తగ్గించమని ఎవరూ అనరు. 600 ను నాలుగుతో భాగిస్తే మెట్టుకు 150, అంటే సరిగ్గా 6 అంగుళాలు. మెట్ల సంఖ్య పెరగలేదు, చోటు పెరగలేదు, ఎత్తు మాత్రం సమమైంది.

జాతీయ భవన నిర్మాణ నియమావళి ఇళ్లలో మెట్టు ఎత్తు 190 మిల్లీమీటర్లు దాటకూడదని, పాదం పెట్టే వెడల్పు 250 కి తగ్గకూడదని చెబుతుంది. అవి హద్దులు. పెద్దవాళ్లున్న ఇంటికి 150 ఎత్తు, 300 వెడల్పు హాయిగా ఉంటుంది. రెండు ఎత్తులు, ఒక వెడల్పు కలిపితే 600 దగ్గర ఉండాలన్నది పాత లెక్క. 150, 150, 300 కలిపితే అదే వస్తుంది. చక్రాల కుర్చీకి వాలుదారి వేద్దామా అని కూడా ఆలోచించాం. ఒకటికి పన్నెండు వాలు కావాలి. 600 మిల్లీమీటర్ల ఎత్తుకు 7.2 మీటర్ల పొడవు, అంటే దాదాపు 24 అడుగులు. మా సందులో అది కుదరదు. మెట్లు కూడా మన హద్దు దాటి రోడ్డు మీదికి రాకూడదు. వస్తే తొలగించే అధికారం నగరపాలక సంస్థకు ఉంటుంది. ముందు హద్దు చూసుకుని తర్వాత గీత గీయాలి.

ఇక చాలామంది మేస్త్రీలు పట్టించుకోని లెక్క ఒకటుంది. కాంక్రీటు మీద రాయి పరుస్తాం కదా. రాయి 25, కింద సిమెంటు పరుపు 20, మొత్తం 45 మిల్లీమీటర్లు. కాంక్రీటులో అన్ని మెట్లూ 150 చొప్పున పోసి పైన రాయి పరిస్తే ఏమవుతుంది? కింది మెట్టు 195 అవుతుంది. మధ్యవి 150 గానే ఉంటాయి. ఇంటి గచ్చు ముందే ఉంది కనుక చివరి ఎత్తు 105 కి తగ్గుతుంది. కొత్త మెట్లకూ పాత జబ్బే! అందుకని కాంక్రీటులో కింది మెట్టు 105 మాత్రమే పోయాలి, దానిమీద రెండూ 150 చొప్పున, చివరి మెట్టుకూ గచ్చుకూ మధ్య 195 వదలాలి. రాయి పరిచాక నాలుగూ 150 అవుతాయి. మా కడియా, అంటే ఇక్కడి తాపీమేస్త్రీ, ఈ లెక్క విని పక్కనున్న గోడమీద బొగ్గుతో గీతలు గీసుకున్నాడు. పనంతా ఆ గీతల ప్రకారమే జరిగింది.

కడ్డీ అసలు కావాలా?

ఇదే ఈ వ్యాసంలో నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది. నేల మీద పూర్తిగా ఆనుకుని కూర్చునే మూడు నాలుగు మెట్లకు బలం కోసం ఇనుప కడ్డీ అవసరం లేదు. బరువంతా నేరుగా కిందికి దిగుతుంది, వంగే పలక అక్కడ ఏదీ లేదు. కడ్డీ లేకపోతే తుప్పు లేదు. తుప్పు లేకపోతే పెచ్చులూడటం లేదు. పాతకాలపు మన అరుగులు, ఇక్కడి గుజరాతీ ఇళ్ల ఓట్లాలు రాయి, ఇటుకతో కట్టినవి. వాటిలో తుప్పు పట్టడానికి ఇనుమే లేదు.

మెట్ల కింద మోరీ పోతున్నా, సామాను పెట్టుకునే ఖాళీ ఉన్నా సంగతి వేరు. అప్పుడది పలక, కడ్డీ తప్పదు. తీరప్రాంతంలో బయట ఉండే అలాంటి కాంక్రీటును ఐ.ఎస్. 456 'తీవ్ర' పరిస్థితి కింద లెక్కిస్తుంది. ఎం 30 రకం కాంక్రీటు, ఘనమీటరుకు కనీసం 320 కిలోల సిమెంటు, సిమెంటు బరువులో 0.45 వంతుకు మించని నీరు, కడ్డీ మీద 45 మిల్లీమీటర్ల కాంక్రీటు కప్పు కావాలి. కడ్డీ కింద రాతిముక్కలు, టైలు ముక్కలు పెట్టకుండా అదే కాంక్రీటుతో చేసిన కవర్ బ్లాకులు పెట్టాలి. ఆ పనికి ఇంజనీరు గీసిన బొమ్మ ఉండి తీరాలి.

మాది నేల మీది మెట్లు కనుక కడ్డీ లేకుండానే కట్టించాం. మెట్ల వెడల్పు 4 అడుగులు. కడ్డీ లేని కాంక్రీటుకు అదే ప్రమాణం అదే పరిస్థితిలో ఎం 20 చాలంటుంది, నీరు సిమెంటు బరువులో సగానికి మించకూడదంటుంది. పని జరిగిన వరుస ఇది.

పాత మెట్లు ఇంటి పునాది కమ్మీకి దెబ్బ తగలకుండా పైనుంచి కిందికి పగలగొట్టారు. దుమ్ము లేవకుండా నీళ్లు చల్లుతూ, ముక్కుకు గుడ్డ కట్టుకుని పనిచేశారు. తర్వాత నల్లమట్టిని అడుగున్నర లోతు తీసేశారు. ఆ గోతిని మొరంతో ఆరేసి అంగుళాల పొరలుగా నింపి, ప్రతి పొరనూ తడిపి దిమ్మిస చేశారు. తీసిన నల్లమట్టిని మళ్ళీ అందులో వేయనీయవద్దు. మొరం తడిసినా ఉబ్బదు, అందుకే అది. దానిమీద 100 మిల్లీమీటర్ల పడక కాంక్రీటు, ఆ పైన మెట్లు. ఇంటి గోడకూ మెట్లకూ మధ్య అర అంగుళం మందం థర్మోకోల్ పలక నిలబెట్టి పోశారు. తర్వాత పైభాగంలో ఆ పలకను గీకి, సాగే సీలెంట్ నింపారు. నేల కాస్త కదిలినా మెట్లు తమంతట తాము కదులుతాయి, గోడను లాగవు. వాన గొట్టాన్ని మెట్లకు దూరంగా మళ్లించాం.

మొత్తం కాంక్రీటు అర ఘనమీటరుకు కాస్త తక్కువే. ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర ఇసుక, మూడు కంకర లెక్కన 4 బస్తాల సిమెంటు సరిపోయింది. ఇక్కడ ఇసుకను రేతీ అని, కంకరను కపచీ అని అడగాలి. ఫ్లై యాష్ కలిసిన పి.పి.సి. సిమెంటు తీసుకున్నాం. కలిపింది కుళాయి నీళ్లతోనే.

ఇక నీటి కొలత. 50 కిలోల బస్తాకు 25 లీటర్లు, అంతే. ఇసుకలో తడి ఉంటే ఇంకా తగ్గించాలి. పనివాళ్లకు పలచగా ఉంటే పోయడం సుఖం, అందుకని గొట్టం పెట్టి వదులుతారు. ఎక్కువైన నీరు తర్వాత ఆవిరై పోతూ కాంక్రీటులో సన్నని దారులు మిగులుస్తుంది. ఉప్పు, నీరు లోపలికి వెళ్లేది ఆ దారుల్లోనే. అందుకే గొట్టం తీసేసి, కొలత గీత ఉన్న బకెట్టు పెట్టాం. గట్టిగా ఉన్న కాంక్రీటు మూలలకు చేరాలంటే కడ్డీతో బాగా పొడవాలి, చెక్క పలకలను సుత్తితో తట్టాలి. ఇంకా కష్టమైతే ప్లాస్టిసైజర్ అనే మందు డబ్బా మీద రాసిన మోతాదులో కలపవచ్చు. నీళ్లు మాత్రం పెంచవద్దు.

పైన రాయి, పక్కన చేతికడ్డీ

ఇక్కడ కోటా రాయి సులువుగా దొరుకుతుంది. మన వైపు తాండూరు, షాబాదు బండలు, కడప రాయి ఉన్నాయి. బయటి మెట్లకు నునుపు చేయని గరుకు ముఖం పైకి పెట్టాలి. మెరిసే గ్రానైటు, మెరిసే టైల్స్ వానలో జారుడుబండలే. ప్రతి మెట్టూ ముందుకు 5 మిల్లీమీటర్లు వాలేలా పరిస్తే నీళ్లు నిలవవు. అంచు తెలిసేలా రెండంగుళాల వెడల్పున వేరే రంగు రాతి పట్టీ పెట్టించాం. గడపకు పసుపు పూస్తే చీకట్లోనూ అంచు కనబడుతుంది కదా, ఇదీ అలాంటిదే. చూపు మందగించిన వాళ్లకు ఆ పట్టీ చేతికర్రంత ఉపయోగం.

చేతికడ్డీ 850 నుంచి 900 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి. మామూలు ఇనుప గొట్టాన్ని మెట్టులో పాతించవద్దు. తుప్పు పట్టి ముందు ఆ మూలనే పగలగొడుతుంది, ఇనుము తీసేసి కట్టిన మెట్లకు మళ్ళీ ఇనుము పెట్టినట్టవుతుంది. మేం స్టెయిన్‌లెస్ స్టీల్ గొట్టాన్ని పక్క గోడకు బిగించాం. సముద్రానికి మరీ దగ్గరుండేవాళ్లు 304 రకం బదులు 316 రకం అడగడం మంచిది.

పద్నాలుగు రోజుల ఓపిక

సిమెంటు ఎండి గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. అది నీటితో కలిసి జరిగే రసాయన చర్యతో గట్టిపడుతుంది. ముందే ఆరిపోతే ఆ చర్య ఆగిపోయి పై పొర పొడిలా మిగులుతుంది. ప్రమాణం ప్రకారం మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, పి.పి.సి. వంటి కలిపిన సిమెంటుకు కనీసం 10 రోజులు తడపాలి, 14 రోజులైతే మేలు. రోజుకు రెండుసార్లు చెంబుతో చల్లితే చాలదు. గోనెసంచులు కప్పి అవి ఎప్పుడూ తడిగా ఉండేలా చూడాలి. ఈ నీళ్లు కూడా బోరువి కాకూడదు.

ఇక్కడే కుటుంబమంతా కలిసి ఆలోచించాల్సిన విషయం ఉంది. మెట్లు పగలగొట్టిన రోజు నుంచి కనీసం పది రోజులు వాటి మీద నడవకూడదు. ఇటుకలు పేర్చి చెక్క వేసుకుని దూకుతూ తిరగడం కుర్రవాళ్లకు సరదా, పెద్దవాళ్లకు ప్రమాదం. మాకు వెనక వాకిలి ఉంది కనుక సరిపోయింది. అమ్మను ఆ పది రోజులూ ఉధ్నాలో చెల్లి ఇంట్లో ఉంచాం. రెండో వాకిలి లేనివాళ్లు పని మొదలుపెట్టక ముందే వడ్రంగితో చేతికడ్డీ ఉన్న చెక్క మెట్లు చేయించుకోవాలి. ఆ ఖర్చును కూడా అంచనాలో రాసుకోవాలి.

కాలం విషయానికొస్తే, సూరత్‌లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు. నల్లమట్టి తవ్వకం అప్పుడు కుదరదు. ఎండాకాలంలో కాంక్రీటు త్వరగా ఆరిపోతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. మేం డిసెంబరులో చేయించాం. కోస్తా ఆంధ్రలో ఈశాన్య రుతుపవనాల వానలు, తుపానులు డిసెంబరు దాకా ఉంటాయి కనుక అక్కడివారికి జనవరి, ఫిబ్రవరి ఇంకా అనువు.

మేస్త్రీతో బేరం కుదిరే ముందు

కూలి ఎంతని అడిగే ముందు ఈ అయిదు ప్రశ్నలు అడగండి.

నల్లమట్టి ఎంత లోతు తీస్తావు, దాని చోట ఏం నింపుతావు?
బస్తాకు ఎన్ని లీటర్ల నీళ్లు కలుపుతావు, అవి ఎక్కడి నీళ్లు?
ఇంటి గోడకూ మెట్లకూ మధ్య సందు వదులుతావా?
రాయి పరిచాక ప్రతి మెట్టు ఎత్తూ ఎంత వస్తుంది?
ఎన్ని రోజులు తడుపుతావు, ఆ పని ఎవరిది?

జవాబులు కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టుకుంటే తర్వాత మాటపట్టింపులు ఉండవు. బ్యాంకులో పనిచేసేవాళ్లకు ఈ మాట నేను చెప్పాలా!

కట్టాక చూసుకోవలసింది కొంచెమే. యాసిడ్ తగలనీయవద్దు. కోటా, తాండూరు, షాబాదు బండలన్నీ సున్నపురాయి జాతివి, యాసిడ్ పడితే అవి కూడా కరుగుతాయి. సబ్బునీళ్లు, గట్టి బ్రష్ చాలు. పూలకుండీలు మెట్ల పక్కన పెట్టి రోజూ నీళ్లు కారనీయవద్దు. రోడ్డు మళ్ళీ వేసినప్పుడు కింది మెట్టు ఎత్తు కొలవండి. పాత తారు పొరను గీకి కొత్తది వేయమని వీధివాళ్లంతా కలిసి ముందే అర్జీ పెట్టుకోవడం మంచిది, వేశాక అడిగి లాభం లేదు. దీపావళికి ఇల్లు దులిపేటప్పుడు ఏటా ఒకసారి సుత్తితో తట్టి, గోడ దగ్గరి సీలెంట్ ఊడిందేమో చూడండి. ఊడితే మళ్ళీ నింపించండి, అది ఒక పూట పని.

అమ్మ ఉధ్నా నుంచి వచ్చిన రోజు చేతికడ్డీ పట్టుకుని ఒకసారి ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కింది. ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున కూరగాయల బండి గంట వినపడగానే సంచీ తీసుకుని తానే దిగి వెళ్లింది.